బాబుకి ఇన్హిబిటర్ వచ్చిందన్నారు, ఫ్యాక్టర్ పనిచేయడం లేదు. ఇప్పుడేం చేయాలి?

అడిగింది: బంగారుపాళెం అమ్మ

మాది బంగారుపాళెం పక్కన చిన్న పల్లె. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. మా ఆయన మామిడి సీజనులో పల్ప్ ఫ్యాక్టరీలకి తోతాపురి లోడు తోలతాడు, మిగతా నెలల్లో ఏ బండి దొరికితే ఆ బండి. బాబుకి పదిహేను నెలలు, సరిగ్గా 10 కిలోలు. హీమోఫిలియా ఏ, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, తీవ్రమైన రకం. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ ఒక శాతం కూడా లేదని రిపోర్టు.

ఎనిమిదో నెలలో పాకుతూ పోయి గడప మీద పడ్డాడు. పై పెదవిని చిగురుకి పట్టి ఉంచే సన్న పొర తెగింది. గుడ్డ పెడితే తడిసిపోతుంది, మారిస్తే మళ్ళీ తడిసిపోతుంది, అట్లా రెండు రోజులు. వేలూరు తీసుకుపోతే అక్కడ జబ్బు పేరు తెలిసింది. నాలుగు రోజులు ఫ్యాక్టర్ ఎక్కించారు, రక్తం ఆగింది. ఆ చిన్న సీసాని నేను కళ్ళకి అద్దుకున్నాను.

పదకొండో నెలలో జ్వరం వచ్చింది. ఆ రోజు నేను కాణిపాకం పోయి ఉన్నాను. మా అత్త బిడ్డని ఊళ్ళో సూదులు వేసే ఆయన దగ్గరికి ఎత్తుకుపోయింది. ఆయన తొడకి సూది వేశాడు. జబ్బు సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. సాయంత్రానికి తొడ వాచి రాయిలాగా గట్టిపడింది. ఈసారి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో, రోజుకి రెండు పూటలా ఫ్యాక్టర్.

పోయిన నెల మోచేయి వాచింది. మూడు రోజులు ఫ్యాక్టర్ ఇచ్చినా వాపు దిగలేదు. అప్పుడు రక్తం పరీక్షకి పంపితే ఇన్హిబిటర్ 3 యూనిట్లు ఉందన్నారు. మూడు వారాలాగి మళ్ళీ చేస్తే 14. బాబు ఒళ్ళు ఆ మందునే శత్రువు అనుకుని దాని మీద యాంటీబాడీలు తయారు చేస్తోందట. లెక్క చూసుకుంటే ఇప్పటికి వాడికి ఫ్యాక్టర్ ఇచ్చింది మొత్తం పదహారు రోజులే.

రాత్రిళ్ళు నాకు ఇవే తిరుగుతున్నాయి. మే నెల ఎండలో రెండు సీసాలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సులో తెచ్చాను. ఐస్ డబ్బా లేదు. మందు చెడిపోయి దానివల్ల ఇట్లా అయిందా? తొడ వాచినప్పుడు అన్ని రోజులు ఫ్యాక్టర్ వద్దని మేం చెప్పి ఉండాల్సిందా? మా అత్తేమో "ఆ మందు బిడ్డకి పడలేదు, మొత్తం ఆపేయండి" అంటోంది.

డాక్టరు రెండు దారులు చెప్పారు. ఒకటి, అదే ఫ్యాక్టరుని నెలల తరబడి క్రమం తప్పకుండా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం. రెండోది ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షను. గురువారం మళ్ళీ రమ్మన్నారు. పడని మందునే ఇంకా ఇస్తే అలవాటు అవుతుందనే మాట నాకు అస్సలు ఎక్కడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: కాళహస్తి అమ్మ

చెల్లీ, మీ పోస్టు పొద్దున చదివాను, అప్పటినుంచి పని మీద మనసు నిలవలేదు. మా వాడికి ఇప్పుడు ఏడేళ్ళు. వాడికీ ఇదే జబ్బు, ఇదే ఇన్హిబిటర్. ఏడాదిన్నర వయసులో వచ్చింది, 22 దాకా ఎక్కింది.

పడని మందునే ఇంకా ఇవ్వడం ఏంటని నేనూ అడిగాను. మా నాన్న ఒక మాట చెప్పాడు. వీధిలోకి కొత్తమనిషి ఎప్పుడో ఒకసారి వస్తే కుక్క మీదపడి అరుస్తుంది. అదే మనిషి రోజూ అదే వేళకి, అదే దారిన వస్తుంటే కొన్నాళ్ళకి తల కూడా ఎత్తదు. మావాడి డాక్టరుకి ఈ మాట చెబితే "మీ నాన్న చెప్పింది దాదాపు అంతే" అన్నారు. ఎప్పుడో దెబ్బ తగిలినప్పుడు నాలుగు రోజులు ఇచ్చి, ఆపి, మళ్ళీ రెండు నెలలకి ఇస్తుంటే ఒళ్ళు ప్రతిసారీ ఉలిక్కిపడుతుంది. దెబ్బ ఉన్నా లేకున్నా ఒకే లెక్కన ఇస్తూపోతే చాలామంది పిల్లల్లో ఆ ఉలికిపాటు తగ్గిపోతుంది.

మావాడికి కిలోకి 50 యూనిట్ల చొప్పున వారానికి మూడు రోజులు ఇచ్చారు. సోమ, బుధ, శుక్ర. మొదలుపెట్టేముందు 10 కంటే కిందికి దిగేదాకా ఆగారు. దానికే ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలు ఫ్యాక్టర్ 8 చుక్క కూడా ఇవ్వలేదు. మధ్యలో మోకాలు వాస్తే ఫ్యాక్టర్ 7ఏ అని, ఇన్హిబిటర్ అడ్డుకోలేని వేరే మందు ఇచ్చారు. చికిత్స మొదలుపెట్టాక సున్నా రావడానికి పదకొండు నెలలు.

తేలిగ్గా గడిచిందని చెబితే అబద్ధం అవుతుంది. మొదలుపెట్టిన రెండు వారాలకి అంకె తగ్గకపోగా 40కి ఎక్కింది. ఎవరూ ముందే చెప్పలేదు కాబట్టి నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అట్లా ఎక్కడం మామూలేనట. ఆరో నెలలో మాకు మందు ఇచ్చేచోట స్టాకు లేక రెండు వారాలు ఆగింది, 2కి దిగింది మళ్ళీ 6 అయింది. అందుకని మీరు ఈ దారి పడితే మొదట అడగాల్సింది "నెలకి ఎన్ని సీసాలు, ఎక్కడినుంచి, ఆగకుండా వస్తాయా" అని. రాయించుకుని రండి.

సున్నా వచ్చాక కూడా మేం ఫ్యాక్టర్ ఆపలేదు. ఇప్పటికీ ఇస్తున్నాం, ఆపితే మళ్ళీ రావచ్చని చెప్పారు. వాడు బడికి పోతున్నాడు, మొన్న స్వర్ణముఖి గట్టు మీద సైకిలు కూడా తొక్కాడు.

అప్పటికి మాకు ఎమిసిజుమాబ్ చేతికి అందలేదు. అందుంటే ఆ ఐదు నెలల ఎదురుచూపు అంత భయంగా గడిచేది కాదు.

జవాబు: పుంగనూరు అన్న

అమ్మా, ఇది రోగనిరోధక శక్తికి సంబంధించిన సమస్య కదా. తిప్పతీగ కషాయం రోజూ ఒక చెంచా పట్టించండి. మా ఇంట్లో అందరం కరోనా అప్పుడు తాగాం. శక్తి పెరిగితే ఒళ్ళు మందుని తట్టుకుంటుంది.

జవాబు: ప్రొటీన్ విద్యార్థి, తిరుపతి

అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ దయచేసి ఇది వద్దు. ఈ బాబులో రోగనిరోధక శక్తి తక్కువై సమస్య రాలేదు. ఆ శక్తి తన పని తాను చాలా చురుగ్గా చేస్తోంది, కాకపోతే గురి తప్పింది. దాన్ని ఇంకా రెచ్చగొట్టే ఏ మందూ ఇప్పుడు అక్కర్లేదు. పసిబిడ్డకి కషాయాలు డాక్టరుకి చెప్పకుండా అసలే పట్టకూడదు.

అక్కా, నేను డాక్టరుని కాను. తిరుపతిలో ప్రొటీన్ల మీద పరిశోధన చేస్తున్నాను. మందుగా ఇచ్చే ప్రొటీన్‌ని ఒళ్ళు ఎందుకు తిప్పికొడుతుందనేదే నేను రోజూ చదివే విషయం. చికిత్స సంగతి మీ డాక్టరు చెప్పిందే వినండి. ఎందుకు జరిగింది అనేదాని గురించి మాత్రం నాకు తెలిసింది రాస్తాను, ఎందుకంటే మీరు మీ మీద వేసుకున్న నేరం మీది కాదు.

మన రోగనిరోధక కణాలు పెరిగే దశలోనే "ఇది మనది, ఇది పరాయిది" అని నేర్చుకుంటాయి. మన సొంత ప్రొటీన్ల మీద ఎగబడే కణాలని ఒళ్ళు అప్పుడే చాలావరకు ఏరిపారేస్తుంది. మీ బాబు ఒంట్లో ఫ్యాక్టర్ 8 దాదాపుగా ఎప్పుడూ లేదు. అందుకని దాన్ని గుర్తుపట్టే కణాలు అట్లాగే మిగిలిపోయాయి. బయటినుంచి ఎంత స్వచ్ఛమైన ఫ్యాక్టర్ ఇచ్చినా వాటికి అది పరాయిదే. ముందు కొన్ని కణాలు దాన్ని మింగి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలని టి కణాలకి చూపిస్తాయి. టి కణాలు సరేనంటే బి కణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. మూడు రోజులు మోచేతికి ఇచ్చిన ఫ్యాక్టర్ తర్వాత అంకె 3 నుంచి 14కి ఎక్కిందన్నారు కదా, అది జ్ఞాపకం ఉన్న కణాల పని. ఒకసారి నేర్చుకున్నాక మళ్ళీ ఫ్యాక్టర్ కనబడితే వారం తిరక్కముందే యాంటీబాడీలు పెరగడం మొదలవుతుంది.

తీవ్రమైన హీమోఫిలియా ఏ ఉన్న పిల్లల్లో దాదాపు నూటికి 25 నుంచి 30 మందికి ఇది వస్తుంది. ఎక్కువగా వచ్చేది ఫ్యాక్టర్ ఇచ్చిన మొదటి 50 రోజుల్లోనే, అందులోనూ మొదటి 20 రోజులు మరీ గండం. మీ పదహారో రోజు సరిగ్గా ఆ గండంలోనే పడింది. 150 రోజులు దాటినవాళ్ళకి చాలా అరుదు.

ఎవరికి వస్తుందనేది నిర్ణయించేవాటిలో పెద్దది జన్యువులోని లోపం ఏ రకం అనేది. జన్యువులో పెద్ద ముక్కే లేకపోతే ఫ్యాక్టర్ అసలు తయారవదు, ఒళ్ళు దాన్ని చూసే అవకాశమే లేదు, అందుకని ప్రమాదం ఎక్కువ. ఒక్క అక్షరం మారినవాళ్ళలో వంకరో టింకరో ఏదో ఒక రూపంలో ఫ్యాక్టర్ తయారవుతుంది, ఒళ్ళు దాన్ని ఎంతోకొంత ఎరిగే ఉంటుంది. తీవ్రమైన రకం ఉన్నవాళ్ళలో సగానికి కాస్త తక్కువమందిలో కనబడేది జన్యువులో ఇంట్రాన్ 22 అనే చోట ఒక ముక్క తిరగబడటం. బాబుకి జన్యు పరీక్ష చేశారా అని గురువారం అడగండి. ఆ కాగితం మీకూ, మీ అక్కచెల్లెళ్ళకీ ముందుముందు పనికొస్తుంది.

ఇక ఆ తొమ్మిది రోజుల సంగతి. మొదటి రోజుల్లోనే ఎక్కువ మోతాదులో వరసగా ఇవ్వాల్సి రావడం ప్రమాదాన్ని పెంచుతుందన్నది నిజమే. జ్వరం, వాపు, చితికిన కండ ఉన్న సమయంలో రోగనిరోధక వ్యవస్థ అప్పటికే అప్రమత్తంగా ఉంటుంది, అప్పుడు లోపలికి వచ్చిన కొత్త ప్రొటీన్‌ని మరింత అనుమానిస్తుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కానీ అక్కా, ఆ ఫ్యాక్టర్ ఇవ్వకుండా ఉంటే తొడలో రక్తం నరాలని నొక్కేసేది, కాలు పోయేది, ప్రాణమే పోయి ఉండవచ్చు. వద్దనడానికి మీకు దారి లేదు. అక్కడ తప్పించగలిగింది ఒక్కటే, ఆ కండకి వేసిన సూది. ఇకమీద టీకా ఏదైనా సరే, చర్మం కింద వేయగలరేమో అడిగించి, సన్నని సూదితో వేయించి, పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టండి.

బస్సులో తెచ్చిన సీసాల గురించి. వేడికి, గడ్డకట్టడానికి, గట్టిగా కుదపడానికి ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. ఆ ముద్దలు రోగనిరోధక కణాలకి వైరస్ లాగా కనబడతాయి, అందుకే మందుల కంపెనీలు వాటి మీద అంత నిఘా పెడతాయి. యూరప్‌లో 1998 తర్వాత కొన్నేళ్ళు ఎర్ర రక్తకణాలు తయారవడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ అనే మందు వాడిన కొంతమంది కిడ్నీ రోగులకి ఇట్లాంటి ఆపద వచ్చింది. మందులో కలిపే స్థిరీకరణ పదార్థం మార్చారు, ఆ తర్వాత యాంటీబాడీలు పుట్టాయి. అవి మందునే కాదు, ఒంట్లో సొంతంగా తయారయ్యే ఎరిత్రోపొయిటిన్‌ని కూడా అడ్డుకున్నాయి. మనుషులు రక్తం ఎక్కించుకుంటే తప్ప బతకలేని స్థితికి వచ్చారు. రబ్బరు మూత, సిరంజి లోహం దాకా అన్నీ అనుమానించి వెతికారు. అంత సున్నితమైన వ్యవహారం ఇది. అయినా మీ సీసా పొడి మందు. నీళ్ళు కలపనంతవరకు పొడి చాలా గట్టిది. చాలా బ్రాండ్ల పొడిని 30 డిగ్రీల లోపు కొన్ని నెలలు బయట ఉంచవచ్చని పెట్టె మీదే రాసి ఉంటుంది. ఒక మధ్యాహ్నం బస్సు ప్రయాణంతో ఇన్హిబిటర్ వచ్చిందని మీరు అనుకోవద్దు. ఇకమీద చిన్న థర్మాకోల్ డబ్బా తీసుకెళ్ళండి, మందుకి ఐస్ తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. గడ్డకట్టడం వేడికంటే తక్కువ హాని కాదు.

మనుషుల రక్తంలోని ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టరా, ప్రయోగశాలలో తయారుచేసినదా అనే తేడా మీద 2016లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 14 దేశాల్లో 251 మంది పిల్లలు, మనదేశం పిల్లలు కూడా అందులో ఉన్నారు. ప్లాస్మా రకంలో ఫ్యాక్టర్ 8కి తోడుగా వాన్ విల్లెబ్రాండ్ అనే ఇంకో ప్రొటీన్ ఉంటుంది. ఆ రకం తీసుకున్నవాళ్ళలో నూటికి దాదాపు 27 మందికి, ప్రయోగశాల రకం తీసుకున్నవాళ్ళలో దాదాపు 44 మందికి ఇన్హిబిటర్ వచ్చింది. ఇది చదివి అయ్యో అది ఇప్పించి ఉంటే అని మళ్ళీ నిద్ర పాడుచేసుకోవద్దు. ఏ రకం ఇచ్చినా నలుగురిలో కనీసం ఒకరికి వచ్చింది. రెండో బిడ్డ గురించి ఆలోచించే రోజు వస్తే అప్పుడు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

ఇంతకీ మీరు అడిగిన రెండు దారులు. ఒంటికి అలవాటు చేసే పద్ధతి 1970లలో జర్మనీలోని బాన్ నగరంలో మొదలైంది. అక్కడ కిలోకి 100 నుంచి 150 యూనిట్లు, రోజుకి రెండుసార్లు ఇచ్చేవారు. తర్వాత తక్కువ మోతాదునీ ఎక్కువ మోతాదునీ పోల్చి చూశారు, 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. కిలోకి 50 యూనిట్లు వారానికి మూడుసార్లు ఒక జట్టు, కిలోకి 200 యూనిట్లు రోజూ ఇంకో జట్టు. చివరికి నయమైనవాళ్ళ సంఖ్య రెండింట్లోనూ దగ్గరదగ్గరగానే ఉంది, కానీ తక్కువ మోతాదు పిల్లలకి మధ్యలో రక్తస్రావాలు ఎక్కువయ్యాయి. మీ 10 కిలోల బాబుకి లెక్క వేస్తే మొదటిది వారానికి 1,500 యూనిట్లు, రెండోది వారానికి 14,000. ఎవరు ఏది ఎందుకు ఎంచుకుంటారో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఎమిసిజుమాబ్ ఇంకో దారిన పోతుంది. ఫ్యాక్టర్ 8 చేసే పని ఏమిటంటే ఫ్యాక్టర్ 9నీ 10నీ ఒకచోట చేర్చడం. ఎమిసిజుమాబ్ రెండు చేతులతో ఆ రెండింటినీ పట్టుకుని అదే పని చేసిపెడుతుంది. దాని ఆకారం ఫ్యాక్టర్ 8 లాగా ఉండదు. బాబు ఒంట్లోని యాంటీబాడీలకి ఫ్యాక్టర్ 8 ఆకారమే తెలుసు, కాబట్టి దీన్ని పట్టుకోలేవు. ఇన్హిబిటర్ ఉన్న, పన్నెండేళ్ళు నిండినవాళ్ళ మీద 2017లో వచ్చిన పరీక్షలో, క్రమం తప్పకుండా ఏ మందూ వాడనివాళ్ళతో పోలిస్తే రక్తస్రావాలు 87 శాతం తగ్గాయి. నరానికి కాదు, చర్మం కింద వేస్తారు. మొదటి నాలుగు వారాలు వారానికి కిలోకి 3 మిల్లీగ్రాములు. ఆ తర్వాత వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో డాక్టరు చెప్పిన లెక్కన. రెండు వారాల లెక్క కిలోకి 3 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకి ఒక 30 మిల్లీగ్రాముల సీసా సరిగ్గా సరిపోతుంది, ఏమీ పారబోయనక్కర్లేదు. బరువు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది.

కానీ ఇది ఇన్హిబిటర్‌ని తీసేయదు, దాని పక్కనుంచి దారి వేస్తుంది. పెద్ద దెబ్బో ఆపరేషనో వస్తే ఫ్యాక్టర్ 8 అప్పటికీ పనిచేయకపోవచ్చు. అందుకే కొందరు డాక్టర్లు రెండూ కలిపి చేస్తున్నారు, ఎమిసిజుమాబ్ రక్షణలో ఉంచి నెమ్మదిగా అలవాటు చేయడం. మీ డాక్టరు రెండు దారులన్నారు కదా, రెండూ కలిపి వీలవుతుందా అని అడగండి. ఇంకొకటి, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఎమిసిజుమాబ్ మీద ఉన్న బిడ్డకి రక్తం ఆగడానికి ఏపీసీసీ అనే మందు ఎక్కువ మోతాదులో, ఒక రోజుకి మించి ఇస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. తెలియని ఆసుపత్రికి పోవాల్సి వస్తే చూపించడానికి ఒక కార్డు మీద "ఎమిసిజుమాబ్ వాడుతున్నాడు, ఇన్హిబిటర్ ఉంది" అని రాయించి బాబు సంచిలోనే ఉంచండి.

మీ అత్తగారికి ఒక మాట. మన వైపు వేరుశెనగ చేలల్లో పాము కరిచినవాళ్ళకి ఇచ్చే విరుగుడు గుర్రం రక్తంలోంచి తీసిన యాంటీబాడీలే. అవి కొందరికి పడవు, దద్దుర్లు వస్తాయి, బీపీ పడిపోతుంది. అయినా విరుగుడు ఆపేయరు. శ్రీలంకలో వెయ్యిమందికి పైగా రోగుల మీద చూస్తే, విరుగుడుకి ముందు కొద్దిపాటి అడ్రినలిన్ చర్మం కింద ఇచ్చినప్పుడు తీవ్రమైన రియాక్షన్లు బాగా తగ్గాయి. మందు పడలేదంటే దాన్ని పడేలా చేసే ఉపాయం వెతకాలి. మా మేనత్త ఆ ఉపాయంతోనే బతికింది.

జవాబు: గాంధీ రోడ్డు అక్క

నాది బాబు జబ్బు కాదు, కీళ్ళవాతం. తిరుపతి గాంధీ రోడ్డులో మాకు గాజుల అంగడి ఉంది. చేతి వేళ్ళు వంకర్లు పోయి గాజు తొడగడం కూడా చేతకాని స్థితికి వచ్చాను. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు సెలైన్‌లాగా ఎక్కించారు. మొదటి రెండుసార్లకే వేళ్ళు మడవగలిగాను.

దానితోపాటు వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. ఆ మాత్ర వేసుకున్న రోజు కడుపులో తిప్పేది. పెద్ద మందు ఎటూ పనిచేస్తోంది కదా అని ఎవరికీ చెప్పకుండా చిన్న మాత్ర మానేశాను. ఎనిమిది నెలలకి సెలైన్ ఎక్కించినా నొప్పి తగ్గలేదు, ఒకసారి ఎక్కిస్తుంటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఆపేశారు. మందు మీద యాంటీబాడీలు వచ్చాయన్నారు. ఆ చిన్న మాత్ర నా కీళ్ళకి మాత్రమే కాదట, పెద్ద మందుని ఒళ్ళు తిప్పికొట్టకుండా కూడా కాపాడుతుందట. అది నాకు ముందే అర్థమయ్యేలా ఎవరైనా చెప్పి ఉంటే కడుపు తిప్పినా మింగేదాన్ని.

నీకు చెప్పేది ఒకటే తల్లీ. వాళ్ళు రాసిన ప్రతి మందు పక్కన "ఇది దేనికి" అని అడిగి తెలుగులో రాసుకో. చిన్నదని ఏదీ వదిలేయకు.

జవాబు: ప్రొటీన్ విద్యార్థి, తిరుపతి

అక్కా, మీ మాట చాలా విలువైనది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో దాదాపు నాలుగో వంతు ఎలుక ప్రొటీన్. పేరు చివర "క్సిమాబ్" ఉంటే అట్లాంటిదని గుర్తు. "జుమాబ్" అని ఉంటే ఎలుక భాగాన్ని చాలావరకు తీసేసి మనిషి ప్రొటీన్‌గా మార్చారని అర్థం. బాబుకి చెబుతున్న ఎమిసిజుమాబ్ ఆ రెండో రకం. దాని మీద కూడా యాంటీబాడీలు రావచ్చు, కానీ మందు పనిచేయకుండా పోయేంతగా రావడం చాలా అరుదు. వాడుతున్నప్పుడు ఉన్నట్టుండి రక్తస్రావాలు మళ్ళీ మొదలైతే మాత్రం డాక్టరుకి వెంటనే చెప్పాలి.

మెథోట్రెక్సేట్ సంగతి విని ఎవరూ పసిబిడ్డలకి సొంతంగా అడగొద్దు, హీమోఫిలియాలో అది మామూలుగా ఇచ్చేది కాదు. రోగనిరోధక శక్తిని మొత్తంగా అణచకుండా ఒక్క మందు విషయంలోనే శాంతపరచడం ఎట్లా అనేదే ఇప్పుడు పరిశోధనల్లో పెద్ద ప్రశ్న. మనం రోజూ తినే పప్పు, పాలు కూడా పరాయి ప్రొటీన్లే, నోటిద్వారా పోతే ఒళ్ళు వాటిని సహిస్తుంది. ఆ ఆలోచనతో అమెరికాలో లెట్యూస్ ఆకుల్లో ఫ్యాక్టర్ 9ని పండించి, ఆ ఫ్యాక్టర్ 9 లోపించే హీమోఫిలియా బి ఉన్న కుక్కలకి తినిపించారు. తర్వాత సూదితో ఫ్యాక్టర్ ఇస్తే యాంటీబాడీలు బాగా తక్కువగా వచ్చాయి. పిల్లల దాకా ఇంకా రాలేదు. వస్తే బాగుండునని నాకు గట్టి కోరిక.

జవాబు: ల్యాబ్ తమ్ముడు, చిత్తూరు

ఒక పని మాట. ఇన్హిబిటర్ పరీక్షని బెథెస్డా అంటారు. మామూలు మనిషి ప్లాస్మాలో బాబు ప్లాస్మా కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచుతాం. ఫ్యాక్టర్ 8 సగానికి తగ్గితే ఒక యూనిట్. 5 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఎమిసిజుమాబ్ మొదలుపెట్టాక రక్తం ఇచ్చే ప్రతిసారీ ల్యాబులో ఆ సంగతి చెప్పండి. మామూలు పద్ధతిలో చేస్తే ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం, బాగున్నట్టు, ఇన్హిబిటర్ లేనట్టు తప్పుగా వస్తుంది. ఆవు ప్రొటీన్ ఉన్న రసాయనాలతో క్రోమోజెనిక్ అనే, రంగు మారడాన్ని కొలిచే పద్ధతిలో చేయాలి, అది అన్నిచోట్లా ఉండదు. అందుకని మందు మొదలుపెట్టకముందే ఒకసారి ఇన్హిబిటర్ అంకె తీయించుకుని ఆ కాగితం దాచుకోండి. నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం నిండాలి, తక్కువైతే అంకె మారిపోతుంది. పసివాడని సగం తీసి సర్దుకుంటామంటే ఒప్పుకోవద్దు.

మళ్ళీ రాస్తోంది: బంగారుపాళెం అమ్మ

అందరివీ రెండుసార్లు చదివాను. మా ఆయనకి ఫోన్లో చదివి వినిపించాను, ఆయన లోడుతో గుడిపాల దగ్గర ఆగి ఉన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే బస్సు కాదన్నమాట" అన్నాడు. ఆ సీసాలు ఆ రోజు తెమ్మని నన్ను పంపింది ఆయనే. ఇన్నాళ్ళూ ఆయన కూడా అదే మోస్తున్నాడని నాకు తెలియదు.

మా అత్తకి పాము మందు సంగతి చెప్పాను. ఆమె తమ్ముడికి పొలంలో రక్తపింజరి కరిచినప్పుడు విరుగుడు ఎక్కిస్తుంటే ఒళ్ళంతా వణికిందట, అయినా ఆపకుండా మళ్ళీ ఎక్కించి బతికించారట. ఆ మాట ఆమే చెప్పింది. ఇప్పుడు ఆపేయమని అనడం లేదు. తొడకి సూది వేయించింది నేనే కదా అని ఒకటే ఏడుస్తోంది, ఆమెని ఓదార్చే పని నాదైంది.

గురువారం అడగాల్సినవి కొలతలు రాసుకునే నోటుబుక్కులో రాసుకున్నాను. జన్యు పరీక్ష చేశారా. ఎమిసిజుమాబ్‌తో పాటు అలవాటు చేసే చికిత్స కూడా చేయవచ్చా. చేస్తే నెలకి ఎన్ని సీసాలు, ఆగకుండా వస్తాయా. మొదలుపెట్టకముందు ఇంకోసారి అంకె తీస్తారా. సంచిలో పెట్టే కార్డు ఎవరు రాసిస్తారు.

కాళహస్తి అక్కా, మీకు ఒకటి. అలవాటు చేసే చికిత్స అయితే వారానికి మూడుసార్లు నరానికి ఎక్కించాలి కదా. ఆ పని నేనే నేర్చుకోవాలని ఉంది. సూదిలో దారం చీకట్లో కూడా ఎక్కిస్తాను గానీ వాడి చెయ్యి చూస్తే నా చేతులు వణుకుతున్నాయి. నరం అసలు కనబడదు, బొద్దుగా ఉంటాడు. మీకు ఎన్నాళ్ళు పట్టింది?

జవాబు: కాళహస్తి అమ్మ

నాలుగు నెలలు పట్టింది చెల్లీ. మొదటి నెల నర్సు పక్కన నిలబడి చూడటమే. తర్వాత ఆమె నా చేతిమీదే నాతో గుచ్చించింది, మావాడి చెయ్యి ముట్టనిచ్చింది ఆ తర్వాతే. ముందు రోజు రాత్రి నుంచి నీళ్ళు, గంజి బాగా తాగించు. గుచ్చే ముందు ఐదు నిమిషాలు గోరువెచ్చని తడిగుడ్డ చుట్టు, నరం పైకి తేలుతుంది. అయిపోయాక మాత్రం ఐదు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టు, మధ్యలో తీసి చూడకు. ఎడమచేతి మణికట్టు వెనక ఒక నరం ఉంటుంది, బొద్దు పిల్లలకి కూడా అది దొరుకుతుంది. గురువారం సాయంత్రం ఏమన్నారో రాయి, నేను చూస్తూ ఉంటాను.